నాలుగో ఇంటి గోడ

ఒకే కప్పు కింద వరసగా ఆరిళ్ళు. వాటిలో ఐదోది. కుట్టుమిషను ముందు పెద్దావిడ. ఎదురుగా స్టూలు మీద, వీధి చరిత్ర రాసుకోవడానికి వచ్చిన ఒకామె. సాయంత్రం కావస్తోంది.

"...అందుకే రెండో ఇంటిని కళ్ళజోడు ఇల్లనేవాళ్ళం. అక్కాచెల్లెళ్ళిద్దరికీ కలిపి ఒకటే జోడు. అక్క పేపరు చదువుతున్నంతసేపూ చెల్లెలు చేతులు ముడుచుకుని కూర్చునేది."

"ఇంకోటి కొనుక్కోవచ్చు కదండీ?"

"మేమూ అదే అడిగాం. ఎవరి జోడు వాళ్ళకుంటే ఇంక పోట్లాడుకోడానికి ఏముంటుంది అంది చెల్లెలు. రాసుకున్నావా?"

"రాసుకున్నాను. మొదటి ఇల్లు ఈలతాతది అన్నారు."

"తాళ్ళ మిల్లు గేటు కాపలా. మిల్లు వాళ్ళు కట్టిన ఇళ్ళే కదా ఇవి. ఉద్యోగం వదిలింది గానీ ఆయన ఈలని వదల్లేదు. మెళ్ళో తాడు, తాడుకి ఈల. ఇదిగో, మాటల్లోనే ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టమ్మాయ్. నీ కళ్ళు బాగున్నాయి."

"ఇలా ఇవ్వండి... తీసుకోండి."

"అప్పుడేనా?"

"ఎక్కిందండీ."

"ఎక్కింది, ఎక్కింది. దారం నోట్లో పెట్టి తడపకుండానే ఎక్కించావు."

"నాకలా అలవాటు."

"ఊఁ."

"ఏమండీ?"

"ఏం లేదు. మూడో ఇల్లు. బ్యాండు మాస్టారు. క్లారినెట్టు. రోజూ ఒకటే పాట, రోజూ ఒకటే చోట తప్పు. ఆ చోటు దగ్గరికి వచ్చేసరికి వీధి వీధంతా ఊపిరి బిగబట్టేది. ఒకరోజు తప్పు లేకుండా వాయించేశాడు. ఆయనకేమైందో ఏమోనని అందరం బయటికి పరిగెత్తాం."

"ఏమైందిట?"

"ఏమీ కాలేదు. వాయించింది ఆయన శిష్యుడు. ఇహ ఐదోది ఇది, నాది. ఆరోది లేదుగారిది."

"లేదుగారా?"

"ఏం అడిగినా లేదనేవాడు. నిచ్చెన ఉందా అండీ అంటే లేదు. అదిగో గోడకి ఆనించి ఉంది కదండీ అంటే, అది నిచ్చెన కాదనేవాడు. మనిషి మంచివాడే. అడగడం అయిపోయాక తనే తెచ్చి ఇచ్చేవాడు. అంతే, ఆరిళ్ళు. మిల్లు మూతపడింది, వచ్చే నెల ఇవీ పడగొడతారట. నీ రాత అయ్యేదాకా ఆగమని చెప్పు వాళ్ళకి."

"మూడు తరవాత ఐదు చెప్పారు."

"చెప్పానా?"

"నాలుగో ఇల్లు వదిలేశారు."

"దానికి తాళం వేసి ఉంది."

"ఇప్పటి సంగతి కాదండీ. అప్పుడు."

"అప్పుడూ ఇల్లే. నీకు మంచినీళ్ళు కావాలా?"

"వద్దండీ."

"టీ పెట్టనా?"

"వద్దు. ఇందాక తాగాంగా. ఈ గోడంతా బీరువాయేనా? నేలనుంచి కప్పుదాకా ఉంది. ఇంత బీరువా నేనెక్కడా చూడలేదు."

"మా ఆయన చేశాడు. వడ్రంగి."

"తెలుసు... అంటే, ఆ పనితనం చూస్తే తెలుస్తోంది. లోపల బట్టలా?"

"నా దగ్గర అన్ని బట్టలెక్కడివమ్మా. ఊళ్ళోవాళ్ళవి కుడతాను, నావి రెండు చీరలు. ఖాళీయే."

"ఖాళీ బీరువానా?"

"వెనక పలకకీ గోడకీ మధ్య పీలికలు కుక్కాడు. నేను కత్తిరించి పారేసినవన్నీ మూటగట్టి అందులోనే కుక్కాడు. సంచులకి సంచులు. చలి తగలకుండా అన్నాడు."

"ఆ గోడ అవతల నాలుగో ఇల్లే కదా. ఇంటికీ ఇంటికీ మధ్య గోడనుంచి చలెలా వస్తుంది?"

"వస్తుంది."

"మీకెప్పుడైనా తగిలిందా?"

"నువ్వు చరిత్ర రాయడానికి వచ్చావా, పోలీసు దర్యాప్తుకి వచ్చావా?"

"చరిత్రేనండీ. గ్రంథాలయం వాళ్ళు ఊళ్ళో వీధులన్నీ పంచారు. ఈ వీధి నేనే అడిగి తీసుకున్నాను."

"ఎందుకో?"

"జ్వరాల ఏడు ఈ వరసలో ఏదో పద్ధతి ఉండేదట కదా. గోడలు కొట్టుకునేవాళ్ళట."

"ఎవరు చెప్పారు?"

"విన్నాను."

"విన్నదానికేం, గోడలకి చెవులుంటాయంటారు. మా గోడలకి నోరు కూడా ఉండేది. ఒకిటుక గోడ. ఈ ఇంట్లో తుమ్మితే పక్కింట్లోంచి చిరంజీవ అనేవాళ్ళు."

"జ్వరాల సంగతి చెప్పండి."

"చెప్పడానికేముంది. ఒకళ్ళనుంచి ఒకళ్ళకి అంటుకునే జ్వరం. ఎవరూ గడప దాటకూడదని దండోరా వేశారు. వారానికోసారి బియ్యం, పప్పులు అన్నీ గుమ్మంలో పెట్టి పోయేవాళ్ళు. లోపలివాళ్ళు బతికున్నారో లేదో ఎలా తెలుస్తుంది? అప్పుడు ఈలతాత ఈ ఉపాయం పెట్టాడు. దీపాలు పెట్టే వేళకి ఆయన తన గోడ మీద రెండు దెబ్బలు కొడతాడు. కళ్ళజోడు ఇంటివాళ్ళు విని, మేం బాగానే ఉన్నామని ఇటు గోడ మీద రెండు కొడతారు. అది విని బ్యాండు మాస్టారు. అలా చివరిదాకా."

"చివర లేదుగారు."

"ఆయన మళ్ళీ వెనక్కి పంపేవాడు. అదీ మా ప్రాణం తోడేసి. ఆలోచించి ఆలోచించి కొట్టేవాడు. ఆరునుంచి ఐదు, ఐదునుంచి... అలా వెనక్కి ఒకటో ఇంటిదాకా. అప్పుడు ఈలతాత ఈల వేసేవాడు. ఈల వినబడిందంటే వరసలో అందరూ ఉన్నట్టే. అది విన్నాకే ఎవరమైనా కంచం ముందు కూర్చునేవాళ్ళం."

"ఈల వినబడకపోతే?"

"దెబ్బ ఎక్కడ ఆగిందో ఆ ఇంటికి డాక్టర్ని పిలవాలి. ఒకసారి రెండో ఇంట్లో ఆగింది. అక్క పడిపోయి ఉంది. వెంటనే చూశారు కాబట్టి బతికింది."

"అయితే పద్ధతి మంచిదే."

"మంచిదే. అందుకే దాన్నంతగా నమ్మాం."

"ఆరునుంచి ఐదు, ఐదునుంచి నాలుగు. మీరు నాలుగు అనలేదు."

"అనకపోతే ఏం, లెక్క తెలుసు కదా నీకు."

"నాలుగో ఇంట్లో ఎవరు కొట్టేవాళ్ళు?"

"పోస్టాఫీసావిడ. ఉత్తరాల మీద ముద్రలు వేసే ఉద్యోగం. మొగుడు ఓడ మీద పనికని వెళ్ళాడు. చేరగానే ఉత్తరం రాస్తానన్నాడు. రోజంతా ఊరందరి ఉత్తరాల మీదా ముద్ర వేసేది, తనకి మాత్రం ఒక్కటీ రాలేదు. చాలా? రాసుకో. పోస్టాఫీసు ఇల్లు అని రాసుకో, అయిపోతుంది."

"ఆవిడ ఎలా కొట్టేది?"

"చేత్తోనే."

"ఎలా?"

"మెత్తగా ఒకటి, గట్టిగా ఒకటి. ముద్ర వేసే చెయ్యి కదా. సిరా మీదొకటి, ఉత్తరం మీదొకటి. మిగతా ఇళ్ళవాళ్ళం మామూలుగా కొట్టేవాళ్ళం. ఆ దెబ్బ మాత్రం నిద్దట్లో విన్నా పోల్చుకోవచ్చు. ఒక్కోసారి నేను ఇక్కడ కూర్చుని మిషను ఆపి, దానికోసమే ఎదురుచూసేదాన్ని. అది వినబడేదాకా గుండె నిలిచేది కాదు."

"స్నేహమా?"

"స్నేహమంటే... ఆ గోడకి ఇటు నేను, అటు తను. ఆ పిల్ల గౌన్లన్నీ నేనే కుట్టేదాన్ని."

"ఏ పిల్ల?"

"ఒక పిల్ల ఉండేది. చిన్నది."

"ఆవిడేమైంది?"

"జ్వరంలో పోయింది. ఆ ఏడు చాలామంది పోయారు. పొద్దు వాలుతోంది, నువ్వింక బయలుదేరు. బస్సులు దొరకవు."

"ఎప్పుడు పోయింది?"

"చెప్పాను కదా, జ్వరాల ఏడు."

"ఏడు కాదండీ. ఏ రోజు? ఎలా తెలిసింది? ఎవరు చూశారు?"

"అవన్నీ నీ పుస్తకంలోకి ఎందుకు?"

"రోజుల తరబడి ఆవిడని ఎవరూ చూడలేదని విన్నాను. అంత పద్ధతి ఉన్న వీధిలో, ఒక మనిషి పోయి పడి ఉంటే రోజుల తరబడి ఎవరూ వెళ్ళలేదని. నిజమేనా?"

"నిజమే."

"ఎందుకు వెళ్ళలేదు?"

"పడేది కాదు."

"ఎవరికి?"

"వీధికీ ఆవిడకీ. కొళాయి దగ్గర మాటా మాటా అయింది. మాటలు మానేశాం. పోతే పోయిందిలే అనుకున్నాం. మేం మంచివాళ్ళం కాదమ్మా. అలాగే రాసుకో. వీధి పాడు వీధి, మనుషులు పాడు మనుషులు."

"ఇందాకే ఆవిడ దెబ్బ వినబడకపోతే గుండె నిలిచేది కాదన్నారు."

"అది ముందు. గొడవ తరవాత."

"కొళాయి దగ్గర ఏం గొడవ?"

"బిందెల గొడవ. ఎవరి బిందె ముందన్నది. మీ అమ్మకి కోపం కూడా ఎక్కువే, నోరు జారితే..."

"నేను ఆవిడ కూతుర్నని మీకు చెప్పలేదు."

"నువ్వు చెప్పాలా? దారం తడపకుండా సూదిలో ఎక్కించే మనిషిని నా జన్మలో మీ అమ్మనొక్కదాన్నే చూశాను. ఆ సూది పుచ్చుకున్నప్పటినుంచీ ఒక్క కుట్టు తిన్నగా పడలేదు."

"అయితే తెలిసే ఇంతసేపూ..."

"తెలిసే. నువ్వు మాత్రం? చరిత్ర అంటూ స్టూలెక్కి కూర్చోలేదూ? దొందూ దొందే."

"చరిత్ర అబద్ధం కాదు పిన్నీ. నిజంగానే రాస్తున్నాను."

"పిన్నీ అన్నావా."

"అప్పుడు అలాగే పిలిచేదాన్ని కదా."

"అలాగే పిలిచేదానివి. ఆ గోడ అవతలినుంచి పిలిచేదానివి. పిన్నీ నా గౌను అయిందా, అని. అయ్యో తల్లీ. ఎంతదానివయ్యావు. మీ పెద్దమ్మ తీసుకుపోయాక ఒక్కసారైనా తెచ్చి చూపిస్తుందేమో అనుకున్నాను."

"పెద్దమ్మ ఈ వీధి పేరెత్తనిచ్చేది కాదు. వాళ్ళు మనుషులు కారు, మీ అమ్మని దిక్కులేని చావు చావనిచ్చారు అనేది. పోయేదాకా అదే మాట."

"అననీ. మేమే అనమన్నాం."

"ఏమిటి?"

"ఏం లేదు. అనడంలో తప్పు లేదంటున్నా."

"పిన్నీ, నాకిప్పుడు పాప ఉంది. అప్పటి నా వయసే."

"అవునా? నీ పోలికేనా?"

"అమ్మ పోలిక. దాని గదిలో తలుపు వేసి ఉంటే నాకు ఊపిరాడదు. మా ఇంట్లో గదులకి గడియలుండవు, అన్నీ పీకించేశాను. ఇదేం పిచ్చని మా ఆయన నవ్వుతాడు. నేను ఊరికే రాలేదు పిన్నీ. నాకొక్కటే తెలియాలి. అమ్మ ఏ రోజు పోయింది? పెద్దమ్మ చెప్పేది ఒకటి, నాకు గుర్తున్నది ఒకటి. రెండూ కలవడం లేదు. ఇన్నేళ్ళుగా నాలో నేనే కొట్టుకుంటున్నాను."

"నీకేం గుర్తుంది?"

"ముందు మీరు చెప్పండి."

"లేదు, నువ్వు చెప్పు. నీకేం గుర్తుందో చెబితే, దాన్నిబట్టి నేను..."

"దాన్నిబట్టి అబద్ధం సర్దుతారు. ముందు మీరు. అంతా చెప్పండి, తరవాత నేను చెబుతాను. ఒట్టు."

"వద్దమ్మా. కొన్ని తెలియకపోతేనే మంచిది. చూడు, దీపాలు పెట్టే వేళవుతోంది. ఈ వేళకి నేను మిషను తొక్కుతాను. మాట్లాడను."

"ఎందుకు?"

"అలవాటు. మీ బాబాయి ఉన్నప్పటినుంచీ. సందెవేళయితే మిషను తొక్కు, ఆపకు అనేవాడు. కుట్టడానికి ఏమీ లేకపోయినా పాత గుడ్డ పెట్టి తొక్కమనేవాడు."

"ఆగండి. ఇవాళ్టికి తొక్కకండి. చక్రం మీద నా చెయ్యి ఉంది, తొక్కితే నలుగుతుంది."

"మొండిదానివి. మీ అమ్మా ఇంతే."

"చెప్పండి."

"...మీ అమ్మ ఏ రోజు పోయిందో అప్పటి డాక్టరు చెప్పిందే నిజం. మీ పెద్దమ్మ చెప్పిందీ అదే. ఊళ్ళో జ్వరం తగ్గిందని తలుపులు తీసుకోవచ్చన్నారు. ఆ పొద్దున్న వరసంతా బయటికి వచ్చింది. ఈలతాత, కళ్ళజోళ్ళు, అందరూ. ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. లేదుగారు కూడా అందరికీ పంచదార పంచాడు. నాలుగో తలుపు మాత్రం తెరుచుకోలేదు. పిలిచాం. నిద్రపోతోందేమో అనుకున్నాం. ముందు రోజు సాయంత్రం కూడా..."

"ముందు రోజు సాయంత్రం?"

"ఏం లేదు. పలకలేదు. లోపల గడియ వేసి ఉంది. మీ బాబాయి ఉలి, సుత్తి తెచ్చి తీశాడు. గుమ్మంలోనే ముక్కుకి కండువా అడ్డం పెట్టుకుని, ఎవరూ రావద్దన్నాడు. ఒక్కడే వెళ్ళాడు. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు నిన్ను దుప్పట్లో చుట్టి ఎత్తుకొచ్చాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఏడవనైనా లేదు నువ్వు. తరవాత డాక్టరు వెళ్ళాడు. మీ అమ్మ ముందు గదిలో, ఈ గోడ పక్కన మంచం మీద ఉంది. పోయి చాలా రోజులైందన్నాడు. జ్వరం వచ్చిన రాత్రో మర్నాడో పోయిందన్నాడు. ఇంక వారం దగ్గర..."

"చాలు. చాలు పిన్నీ."

"ఇందుకే వద్దన్నాను."

"డాక్టరు పొరపాటు పడి ఉండొచ్చు కదా?"

"పొరపాటు పడే స్థితి కాదమ్మా అది. ఇంకేం అడక్కు."

"బాబాయి ఏమన్నారు?"

"ఒక్క ముక్క అనలేదు. ఆ రోజు కాదు, ఏ రోజూ కాదు. సాయంత్రం ఈలతాత కొట్టే వేళకి మీ బాబాయి గోడ దగ్గరికే వెళ్ళలేదు. ఇంక చాలు తాతా, పద్ధతి మానేయండి అని వెళ్ళి చెప్పొచ్చాడు. మర్నాడే ఈ బీరువా మొదలెట్టాడు. మంచం అటు చివరికి జరిపాడు. పోయేముందు కూడా, ఏమయ్యా ఆ ఇంట్లో ఏం చూశావు, ఇప్పుడైనా చెప్పు అన్నాను. తల అటు తిప్పుకున్నాడు. పనిముట్ల పెట్టెలో మాత్రం ఇది దొరికింది. అడుగున, గుడ్డలో చుట్టి. చూడు."

"ఏమిటిది?"

"గడియ. ఊరు ఊరంతటికీ గడియలు బిగించిన మనిషి, ఈ తుప్పు ముక్కని ఎందుకు దాచాడో నాకు తెలియదు. ఆ రోజు జేబులో వేసుకొచ్చాడు, అది మాత్రం చూశాను. మీ వీధి తలుపుది అనుకున్నా. కానీ వీధి తలుపుది ఇంతకి రెండింతలుంటుంది."

"ఇలా ఇవ్వండి."

"ఏం, అలా బిగించి పట్టుకున్నావు? తుప్పు గీరుకుంటుంది."

"ఏం లేదు."

"మొహం తెల్లబోయింది. నీళ్ళు తెస్తానుండు."

"కూర్చోండి. ఒక్కటి మిగిలింది. అమ్మ మొదటిరోజే పోతే, నాలుగో ఇంట్లో దెబ్బ ఆగిపోవాలి కదా. మీరెవరూ ఎందుకు రాలేదు?"

"చెప్పాను కదా, కొళాయి దగ్గర..."

"పిన్నీ."

"బిందెల..."

"పిన్నీ, దాని మీద ఒట్టు. నా పాప మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్టు పెడతావా. నీకు బుద్ధుందా? తియ్యి. తియ్యి ఆ ఒట్టు."

"చెబితే తీస్తాను."

"...ఆగలేదమ్మా."

"ఏది?"

"దెబ్బ. నాలుగో ఇంట్లో దెబ్బ ఆగలేదు. రోజూ వచ్చింది. ఆ వారమంతా రోజూ వచ్చింది. ముందు రోజు సాయంత్రం కూడా వచ్చింది, నా చెవులతో విన్నాను. వెనక్కీ వెళ్ళింది, ఈల కూడా మోగింది. అందరం సుఖంగా అన్నాలు తిన్నాం. ఆ అన్నం తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు."

"ఎవరు కొట్టారు?"

"ఎవరు కొడతారు తల్లీ. ఇంట్లో ఉన్నది నువ్వే కదా."

"నేనా."

"ఇలా రా. దగ్గరికి రా. నా మాట విను. ఇది నీకు ఈ జన్మకి తెలియకూడదని వీధంతా కూడి అనుకున్నాం. ఈలతాత, అక్కాచెల్లెళ్ళు, అందరూ. లేదుగారే ముందన్నాడు, తప్పు మన మీద వేసుకుందామండీ, పిల్ల మీద వద్దు అని. మీ పెద్దమ్మకి మేమే చెప్పాం, మేం పట్టించుకోలేదని. కొళాయి గొడవ అప్పుడు పుట్టించిందే. అసలు మీ అమ్మ ఎవరితోనూ పోట్లాడి ఎరగదు."

"అందుకా పెద్దమ్మ..."

"తిట్టనీ, ఆవిడ తిడితే మాకేం పోయింది. నువ్వు పసిదానివి. అమ్మ లేవడం లేదు, గోడ మోగింది. అమ్మ రోజూ ఏం చేసేదో అది చేశావు. మూడో ఇంటినుంచి వస్తే ఇటు కొట్టావు, మేం కొడితే అటు పంపావు. అచ్చం అమ్మలాగే, సిరా మీదొకటి, ఉత్తరం మీదొకటి. అంత బాగా నేర్చుకున్నావు కాబట్టే మేం మోసపోయాం. అది నీ తప్పవుతుందా? కాదు. ముమ్మాటికీ కాదు. మీ బాబాయి నోరు మూసుకున్నదీ అందుకే అనుకుంటాను. నిన్ను ఆ గోడ పక్కనే చూసి ఉంటాడు, చెయ్యి ఎత్తి... ఏడువు. ఏడిచెయ్యి తల్లీ, కడుపులో పెట్టుకోకు. నాతో చెప్పు, నీకు గుర్తున్నది అదేనా? నువ్వు కొట్టడమేనా? ఒట్టేశావు, తరవాత చెబుతానని."

"ఒట్టే. చెబుతాను."

"చెప్పు."

"జ్వరం రాగానే అమ్మ నన్ను దగ్గరికి రానివ్వలేదు. నాకు అంటుకుంటుందని. వెనక గదిలో పక్క వేసింది. బిస్కెట్ల డబ్బా, కూజా నిండా నీళ్ళు, నా బొమ్మ. నేను వెనకాలే వచ్చేస్తానని తెలుసు. అందుకని తలుపు వేసేసింది."

"వెనక గదిలోనా? కానీ కొట్టే గోడ ముందు గదిలో కదా ఉంది."

"అవును."

"మరి నువ్వు లేచి ముందు గదిలోకి వచ్చి..."

"రాలేదు పిన్నీ. ఈ గడియ ఆ తలుపుదే. బయటివైపుది. బాబాయి తీసేదాకా అది వేసే ఉంది."

"ఆగు. ఆగు. నువ్వు ముందు గదిలోకి రాకపోతే... మీ అమ్మ అప్పటికే... మరి ఆ వారమంతా గోడ..."

"నేనూ విన్నాను పిన్నీ, రోజూ. సిరా మీదొకటి, ఉత్తరం మీదొకటి. అమ్మ లేచిందిలే, పొద్దున్నే తలుపు తీస్తుందిలే అనుకుని, అరవకుండా పడుకునేదాన్ని."